సెవెరి చెప్పిన బోర్డు

సెవెరి అనేవాణ్ణి ఇల్మరి ఒక్కసారి కూడా చూడలేదు. అయినా లాహ్తి ఊళ్ళో అంతటి అసహ్యమైన మనిషి ఇంకొకడు ఉండడని అతనికి గట్టి నమ్మకం.

ఆ నమ్మకం పుట్టింది ఒక మంగళవారం మధ్యాహ్నం, మంచు మీద జారే బోర్డులు అమ్మే పిర్కో పిన్ని షాపులో. బయట మంచు పడుతోంది. విల్యా తలుపు తోసుకుని లోపలికి వచ్చి టోపీ దులుపుకుంది. దులిపిన మంచంతా ఇల్మరి అప్పుడే తుడిచిన నేల మీద పడింది. వచ్చింది ఇంకెవరైనా అయితే అతను సణిగేవాడే.

పోయిన చలికాలమంతా ఆమెను కొండ మీద దూరం నుంచి చూశాడతను. పైకి లాగే తాడు దగ్గర ఆమె వెనకే నిలబడాలని, తన ముందున్నవాళ్ళని బతిమాలి మరీ చోటు మార్చుకునేవాడు. మంచులో పాతిన ఇనప రెయిల్ మీద బోర్డుతో జారుతూ దబ్బున పడ్డా, లేచి అందరికన్నా ముందు తనే నవ్వే పిల్ల. పేరు కనుక్కునేసరికే సగం చలికాలం గడిచింది. పలకరించే ధైర్యం కూడగట్టుకునేలోపు మంచు కరిగిపోయింది. ఈ ఏడేమో షాపు పనితో ఇంకా కొండ మొహం చూడలేదు. ఇప్పుడు ఆమే నడిచి వచ్చింది.

"రెయిల్స్ మీద ఆడడానికి ఒక బోర్డు కావాలండీ. పాతది మధ్యకి పగిలిపోయింది. శనివారం కొండ మీద పోటీ ఉంది," అంది.

ఇల్మరి చెయ్యి దానంతటదే గోడ వైపు వెళ్ళింది. అక్కడ ఊదా రంగు బోర్డు ఉంది. ఆమె గడ్డం ఎత్తే ఉంటుంది. ముందూ వెనకా ఒకే ఆకారం కాబట్టి ఎటు తిరిగి దిగినా ఇబ్బంది లేదు. నడుం దగ్గర నొక్కితే హాయిగా వంగుతుంది. ఆమెకి అంతకన్నా తగిన బోర్డు షాపులో లేదు. అతని వేళ్ళు దాని అంచుని తాకాయి కూడా.

"గడ్డం ఎత్తు దాటకూడదంటాడు సెవెరి," అంది విల్యా.

వేళ్ళు అక్కడే ఆగాయి.

సెవెరి ఎవరని అడిగాడు, అడిగినట్టు కాకుండా. ఈ ఏడే ఉత్తరాన్నుంచి వచ్చాడట. కొండ మీద రెయిల్స్ అమర్చి, మంచు సర్దే పని. చాలా బాగా ఆడతాడట. ఆ 'చాలా బాగా' దగ్గర ఆమె కళ్ళు మెరిసినట్టు అనిపించింది. అది ట్యూబ్‌లైట్ వెలుగు కూడా అయ్యుండొచ్చు. అసూయకి అంత విచక్షణ ఉంటే ఇంకేం కావాలి.

ఇల్మరి చెయ్యి ఊదా బోర్డుని వదిలేసి పక్కనున్న నల్ల బోర్డు మీదికి వెళ్ళింది. ముక్కు దాటిపోయే పొడవు. పెద్ద పెద్ద కొండలు వేగంగా దిగేవాళ్ళకి చేసింది.

"గడ్డం లెక్క పాతకాలంది. ఇప్పుడందరూ పొడుగువే తీసుకుంటున్నారు," అన్నాడు.

లోపలి గదిలో కాఫీ తాగుతున్న పిర్కో పిన్నికి పొలమారింది.

ఆలోచించుకుని వస్తానని విల్యా వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది, సెవెరిని వెంటబెట్టుకుని. అంటే మనిషిని కాదు, మాటని. బోర్డు మెత్తగా ఉండాలంటాడట సెవెరి. రెయిల్ మీద కొస నొక్కి నిలబడాలంటే అది వంగాలి కదా అంటాడట. అక్షరాలా నిజం. ఆ మాట తనే చెప్పాల్సింది, చెప్పి ఆమె చేత ఔననిపించుకోవాల్సింది. ముందే ఒకడు చెప్పి కూర్చున్నాడు. ఇల్మరికి ఒళ్ళు మండిపోయింది. మెత్తటి బోర్డు తడిసిన అట్టముక్కతో సమానమని, గట్టిగా ఉంటేనే దాని మీద నమ్మకం కుదురుతుందని, పావుగంట సేపు పచ్చి అబద్ధాలు చెప్పాడు. విల్యా తల ఓ పక్కకి వంచి, శ్రద్ధగా అన్నీ విన్నది.

ఆ రాత్రి అతను అన్నం ముందు కూర్చుని సెవెరి మొహం ఊహించుకున్నాడు. నీలం కళ్ళు ఉండే ఉంటాయి. గడ్డం కూడా, వెధవది, ఒత్తుగానే ఉండుంటుంది.

శుక్రవారం మూడోసారి వచ్చింది. ఈసారి 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. "కొత్త బోర్డు ఇనప అంచుల పదును తీసెయ్యాలంటాడు సెవెరి. లేకపోతే ఇనుముకి పట్టుకుని పడేస్తుందట. నువ్వేమంటావు?"

"కొత్త కత్తి కొని ఎవరైనా మొండి చేసుకుంటారా?" అన్నాడు ఇల్మరి.

ఆమె అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత ఆ నల్ల బోర్డే ఇవ్వమంది. కొనడానికి కాదు, షాపువాళ్ళు వాడి చూడమని ఇస్తుంటారే, అలా. బోర్డు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. సెవెరి మీద తానే గెలిచాడు. గెలిచిన సంతోషం ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

శనివారం పొద్దున ఇల్మరి షాపుకి వచ్చేసరికి పిర్కో పిన్ని ఆకురాయి ఒకటి బల్ల మీద పెట్టి కూర్చుంది. బోర్డుల అంచులు రుద్దే ఆకురాయి అది.

"అంచు తీయకుండానే ఇచ్చావు కదరా," అంది.

ఇల్మరి చీపురు అందుకున్నాడు.

"ఆ పిల్ల ఇంకెవడి పేరో ఎత్తితే నీకు మంట. ఒప్పుకుంటాను. నా మొగుడు వేరే ఆవిడ చేసిన రొట్టె బాగుందంటే నేను వారం రోజులు పొయ్యి వెలిగించలేదు. కానీ నేను ఆయన్ని పస్తులుంచాను గానీ, విషం పెట్టలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే దుత్తే పగులుతుంది. నీ కోపానికి ఆ పిల్ల భుజం ఎందుకు విరగాలిరా?"

ఆ పొడుగు బోర్డు అంచు రెయిల్‌కి పట్టుకోవడం, విల్యా మొహం ఇనుము మీదికి వెళ్ళడం ఇల్మరి కళ్ళకి కట్టింది. ఈసారి పడితే లేచి నవ్వదు. ఊదా బోర్డు గోడ మీంచి లాక్కుని, ఆకురాయి జేబులో పెట్టుకుని, కోటు గుండీలైనా పెట్టుకోకుండా బస్సుకి పరిగెత్తాడు.

కొండ కింద జనం మూగి ఉన్నారు. పొయ్యి గుడిసె దగ్గర సాసేజ్‌లు కాలుతున్నాయి. పోటీ ఇంకా మొదలవలేదు. రెయిల్ పక్కన ఒకడు పార పట్టుకుని మంచు సర్దుతున్నాడు. నీలం కళ్ళు. ఒత్తైన గడ్డం. ఊహించుకున్నదానికన్నా ఒక జానెడు పొడుగే ఉన్నాడు.

"నువ్వు సెవెరివా?"

అతను పార మంచులో గుచ్చాడు. "నువ్వు ఇల్మరివా?"

ఇద్దరూ ఒకరినొకరు కిందినుంచి పైదాకా చూసుకున్నారు.

"నాలుగు రోజులుగా నీ పేరు విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి," అన్నాడు సెవెరి. "గడ్డం ఎత్తు అంటే, ఇల్మరి పొడుగు తీసుకోమంటాడు అంటుంది. మెత్తటిది అంటే, ఇల్మరి అట్టముక్క అంటాడు అంటుంది. అసలు నువ్వు బోర్డులు అమ్ముతావా, చెక్కలు అమ్ముతావా?"

ఇల్మరి చంకలోని ఊదా బోర్డు కిందికి దించాడు. ఇన్నాళ్ళూ తను సెవెరి పేరు విని ఉడికిపోతుంటే, ఇక్కడ ఈ ఆజానుబాహుడు తన పేరు విని ఉడికిపోతున్నాడన్నమాట. ఆ ఉడుకు చూస్తే నవ్వొచ్చేదే. కానీ అప్పటికే విల్యా నల్ల బోర్డు పట్టుకుని వాళ్ళ వైపు నడిచి వస్తోంది.

ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పొచ్చు. ఈ గడ్డంవాడి ముందు చెప్పడం కన్నా మంచులో పాతిపెట్టించుకోవడం మేలు. కానీ పేర్లు పిలవడం మొదలైపోయింది.

"దాంతో రెయిల్ ఎక్కకు," అన్నాడు ఇల్మరి. "సెవెరి చెప్పిందే నిజం."

"ఏది?"

"అన్నీ. ఎత్తూ, మెత్తదనమూ, అంచులూ. నాకు మొదటిరోజే తెలుసు. నువ్వు అతని పేరు ఎత్తిన ప్రతిసారీ నాకు కడుపు రగిలిపోయింది. అందుకే అడ్డం మాట్లాడాను. నిన్ను పోయిన ఏడాది నుంచి చూస్తున్నాను. నాకు నువ్వంటే ఇష్టం. అంత ఇష్టం పెట్టుకుని నిన్ను పడేసే బోర్డు చేతికిచ్చాను. తిట్టు. కానీ ముందు ఇది తీసుకో."

సెవెరి పారని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు, ఏదో ఒకటి పట్టుకోవాలి కాబట్టి.

విల్యా నల్ల బోర్డుని తిప్పి చూపించింది. అడుగున మంచు తడి ఆనవాలే లేదు. షాపు చీటీ కూడా అలాగే వేలాడుతోంది.

"నేను పన్నెండో ఏట నుంచి రెయిల్స్ మీద ఆడుతున్నాను. ఏ బోర్డు కావాలో నాకు తెలీదనుకున్నావా? ఇవాళ్టికి వేరే బోర్డు అరువు తెచ్చుకున్నాను," అంది.

"మరి మూడుసార్లు ఎందుకొచ్చావు?"

"మొదటిరోజు నీ చెయ్యి సరైన బోర్డు మీదే పడింది. సెవెరి పేరు వినగానే పక్కకి తప్పుకుంది. అది ఎందుకు తప్పుకుందో తెలుసుకుందామని వచ్చాను. నువ్వు నీ నోటితో చెప్తావేమోనని నిన్నటిదాకా చూశాను. చెప్పకపోతే సోమవారం ఆ నల్ల చెక్క మీ పిన్ని బల్ల మీద పెట్టేసి, ఇంక ఆ గుమ్మం ఎక్కకూడదనుకున్నాను."

"నా దగ్గర వీడి పేరెందుకు మరి?" అన్నాడు సెవెరి.

"నువ్వు అడక్కుండానే సలహాలిస్తావు, సెవెరీ. ఆపడానికి ఇంకో దారి కనపడలేదు."

సెవెరి గడ్డం గోక్కున్నాడు. సలహాలన్నీ సరైనవే కదా అని గొణిగాడు. సరైనవేనని ఇల్మరి మళ్ళీ ఒప్పుకున్నాడు. రెండోసారి అంత కష్టంగా లేదు. సెవెరి అతని భుజం మీద ఒక్క చరుపు చరిచాడు, అందులో స్నేహం సగం, కసి సగం. రెయిల్ ఇంకా సర్దాలని అటు వెళ్ళి, విల్యా పేరు కాస్త చివరికి వేయమని పోటీ వాళ్ళకి చెప్పి వచ్చాడు.

ఇల్మరి మంచులోనే మోకాళ్ళ మీద కూర్చుని ఊదా బోర్డు అంచులు రుద్దాడు. విల్యా ఎదురుగా కూర్చుని బోర్డు కదలకుండా పట్టుకుంది. ఇద్దరి తలలూ దాదాపు తగులుతున్నాయి. ఇనప రజను మంచు మీద నల్లగా రాలింది. అవసరమైనదానికన్నా కొంచెం ఎక్కువసేపే రుద్దాడతను, ఆమె కూడా ఆపమనలేదు.

పోటీలో ఆమెకి బహుమతేమీ రాలేదు. రెయిల్ చివరిదాకా జారి, గాలిలో సగం తిరిగి, వెనక్కి దిగి, రెండడుగులు పోయాక దబ్బున పడింది. ఇల్మరి అటు పరిగెత్తబోయాడు. ఆమె లేచింది. అందరికన్నా ముందు తనే నవ్వింది.

టోపీ ఎక్కడో పోగొట్టుకుని, జుట్టు నిండా మంచుతో అతని దగ్గరికి వచ్చింది. పొయ్యి గుడిసె వైపు చూస్తూ ఇల్మరి గొంతు సవరించుకున్నాడు. ఏదో ఒకటి అడగాలి. సాసేజ్ తింటుందా, కాఫీ తాగుతుందా, ఏది ముందు అడగాలి.

"నీకిప్పుడు ఏం కావాలి? సెవెరి ఏమంటాడు?" అన్నాడు చివరికి.

విల్యా తడిసిన గ్లవ్ తీసేసి అతని చెయ్యి పట్టుకుంది.

"విల్యా అంటుంది," అంది, "ఈ చెయ్యి ఇంక పక్కకి తప్పుకోకూడదని."