ఆరో అంతస్తులో కిరణ్ పేరు

హైటెక్ సిటీలో అదొక కంపెనీ. పేరెందుకు గానీ, ఆరో అంతస్తులోని సర్వర్ గదికి మాత్రం చెడ్డపేరు ఉంది. రాత్రి డ్యూటీ వాళ్లు అందులో ఒంటరిగా కూర్చోరు. అందరి ఫైళ్లూ దాచే సర్వర్ రోజూ రాత్రి బిగుసుకుపోతుంది. అప్పుడు ఏ ఫైలు ఎవరు తెరిచారో జాబితా చూస్తే — కిరణ్ పేరు.

రాత్రి డ్యూటీ చేస్తూ కిరణ్ ఆ గదిలోనే గుండె ఆగి పోయాడు. ఏడాదైంది.

అప్పట్నుంచీ అక్కడొక ఆనవాయితీ. జాబితా జోలికి పోకూడదు. రీస్టార్ట్ కొట్టి, వెనక్కి చూడకుండా బయటపడాలి. అయినా లాభం లేకపోయిందట. మొదట్లో నాలుగింటికి ఆగేది... తర్వాత మూడింటికి... ఇప్పుడు ఒంటిగంటకే.

"తొందర తొందరగా వస్తున్నాడు" అని గుసగుసలు.

సర్వర్‌ని బాగుచేసే పని రసజ్ఞ మెడకు చుట్టారు. కాంట్రాక్టు మనిషి. శుక్రవారంతో గడువు అయిపోతుంది. బాచుపల్లిలో భర్త డయాలసిస్ ఆవిడ ఇన్సూరెన్స్ మీదే నడుస్తోంది.

"బాగుచేస్తే ఏడాది పొడిగిస్తా. లేదంటే నీ ఇష్టం" అన్నాడు మేనేజర్ రామబ్రహ్మం.

గురువారం రాత్రి వెళ్లింది. తలుపు తీస్తూ సెక్యూరిటీ రాజయ్య గొంతు తగ్గించాడు.

"అమ్మా, జర పైలం. గా సారు ఇంక పోలే."

"ఉంటే మంచిదే రాజయ్యా. ఈ కోడ్ ఎవరు రాశారో అడుగుతా."

ఒంటిగంట. ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా హోరెత్తాయి. ఎవరూ చూడని జాబితా తెరిచింది.

కిరణ్... కిరణ్... కిరణ్... ఒకటి కాదు, వేలు. అన్నీ ఒకే ఫైలు మీద.

వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. అయినా కూర్చుని కోడ్ చదివింది. చదివేకొద్దీ భయం పోయి కోపం వచ్చింది.

ఫైలు తెరిచినవాడికి సర్వర్ ఒక హ్యాండిల్ ఇస్తుంది, క్లోక్‌రూమ్ టోకెన్ లాగా. మధ్యలో లైను తెగితే, తిరిగొస్తాడని ఆ హ్యాండిల్‌నీ, అతను ఆఖర్న కొట్టిన మాటల్నీ డిస్కులో దాచిపెడుతుంది. ఎంతసేపు ఎదురుచూడాలో మాత్రం ఎవడూ రాయలేదు. పైగా రీస్టార్ట్ కొట్టిన ప్రతిసారీ వాటికి ఇంకొన్ని నకళ్లు పుట్టిస్తోంది. దెయ్యానికి భయపడి చేసిన పనే దెయ్యాన్ని మేపింది.

పది నిమిషాలు చూడు. రాకపోతే దాచిన మాటలు ఫైల్లో రాసేసి, హ్యాండిల్ మూసెయ్ — ఇదే ఆమె చేర్చిన కోడ్. పట్టుమని ఆరు లైన్లు లేవు.

సర్వర్ తేరుకుంది. పది నిమిషాలకు పేర్లు ఒక్కొక్కటే రాలిపోయాయి. జాబితా ఖాళీ.

ఇన్నాళ్లూ ఏ ఫైలు కోసం ఈ గొడవంతా... తెరిచింది. షిఫ్ట్ లాగ్, డ్యూటీలో జరిగిందల్లా రాసిపెట్టే ఫైలు. కిందివరకూ వెళ్లింది. సర్వర్ ఇన్నాళ్లూ దాచిన కిరణ్ మాటలు ఇప్పుడక్కడ ఉన్నాయి.

"3:40. ఛాతీలో నొప్పి. రామబ్రహ్మం గారికి ఫోన్ చేశాను. సర్వర్ వదిలి కదిలితే ఉద్యోగం ఉండదన్నారు. లాగ్‌లో రాస్తున్నానని చెప్పాను. 3:55. మళ్లీ చేశాను. ఎత్త"

అంతే.

నొప్పి సంగతి అతను ఎవరికీ చెప్పలేదని కిరణ్ భార్యకు కంపెనీ రాసిచ్చింది. ఆ కాగితం మీద సంతకం కూడా రామబ్రహ్మానిదే.

ఫోన్ మోగింది. రామబ్రహ్మం.

"సర్వర్ లేచినట్టు మెసేజ్ వచ్చిందమ్మా. ఆ ఫైలు చదివావా?"

"...చదివాను సర్."

"తీసెయ్."

సోమవారం డయాలసిస్. వేలు డిలీట్ మీటను నొక్కింది.

"తీసేశాను సర్."

"మంచిది. అందుకే ఈ పని పర్మినెంట్ వాళ్లకి ఇవ్వలేదు."