గురువారం మేము ఇంట్లో ఉండము

భీమసేనరావు సార్ గురించి ఆదోనిలో ఇప్పటికీ మంచిమాటే చెబుతారు. చెప్పుకోనీ. వాళ్ళకు ఆయన పాఠాలు చెప్పినాడు. నేను ఆయన ఫోటోలు తీసినాను. మనిషి లోపల ఎంత గుల్లగా ఉన్నాడో కెమెరా ముందు నిలబడినప్పుడు బయటపడుతుంది.

1979 ఎండాకాలం. ఆదోనిలో పత్తి మండీలకు పోయే దారిలో నాకొక చిన్న ఫోటో స్టూడియో ఉండేది. హెడ్మాస్టరుగా రిటైరైన భీమసేనరావు ఒకరోజు గొడుగు ఊపుకుంటా వచ్చినాడు.

"లక్ష్మప్పా, కెమెరా తీసుకొని ఇంటికి రా. వారపత్రికవాళ్ళు నా సున్నపుకాయల మీద వ్యాసం అడిగినారు" అన్నాడు.

వాళ్ళు అడగలేదు. ఈయనే నాలుగు ఉత్తరాలు రాసినాడు. ఆ సంగతి పోస్ట్‌మన్ యేసేపు నాకు ముందే చెప్పినాడు.

సున్నపుకాయ అంటే వక్కాకు వేసుకునేవాళ్ళు సున్నం దాచుకునే చిన్న డబ్బీ. ఆయన దగ్గర అరవైకి పైగా ఉండేవి. వెండివి ఎక్కువ. బంగారువి ఏడెనిమిది. మామిడిపిందె, నెమలి, చేప, వంకాయ... ఒక్కోటి ఒక్కో ఆకారం. ఉద్యోగం చేసిన ప్రతి ఊరిలోనూ పోగుచేసినాడు. ఎట్లా పోగుచేసినాడో అప్పుడు నేను అడగలేదు. ఫోటోగ్రాఫరు పని వెలుతురు చూసుకోవడం, అంతే అనుకున్నాను. నేనూ ఏమంత గొప్పవాణ్ణి కాదు.

అద్దాల బీరువా తలుపులు తెరిచి, పక్కన కోటు వేసుకొని నిలబడినాడు. ఆ ఎండలో కోటు! "వీధి తలుపు కూడా పడాల. చూసినవాళ్ళు ఇల్లు గుర్తుపట్టాల" అన్నాడు.

ఆయన భార్య రమాబాయమ్మ వంటింటి గడప దగ్గరనుంచి, "ఇంట్లో ఉన్నది ఊరికంతా చూపించడం ఎందుకండీ?" అనింది.

"దాచుకోవడానికి ఇదేమన్నా దొంగసొత్తా?" అన్నాడాయన. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం ఫోటోలో చాలా బాగా పడింది.

రెండు వారాలకు పత్రిక వచ్చింది. ఫోటో కింద ఆయన రాసి ఇచ్చింది ఉన్నదున్నట్టు వేసినారు. పేరు, వీధి, కోట దిగువన పచ్చ తలుపుల ఇల్లు, బీరువా ఏ గదిలో ఉందీ, అన్నీ. ఆఖరున ఇట్లా ఉంది: 'గురువారం మేము ఇంట్లో ఉండము. మంత్రాలయం పోతాము. ఆసక్తి ఉన్నవారు తక్కిన రోజుల్లో రావచ్చు.'

ముప్పై ఏండ్లు పిల్లకాయలకు బుద్ధి చెప్పిన మనిషి! అయినా నేను నవ్వుకొని ఊరుకున్నాను. అంతేనా, ఆ ఫోటోనే పెద్దది చేసి నా స్టూడియో అద్దంలో పెట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం. రోడ్డు మీద పిట్ట కూడా లేదు. తారు కరుగుతాండాది. అద్దం ముందు ఒక ముసలామె నిలబడి ఉంది. ముదురు ఎర్ర చీర, కాళ్ళకు చెప్పులు లేవు. ఆ ఎండకు కాలు ఎత్తి ఎత్తి పెట్టాల. ఆమె కదలకుండా నిలబడింది.

"ఏం కావాలవ్వా?" అన్నాను.

"ఈ వంకాయ నాదప్పా" అనింది, మూడో వరసలో ఒక చిన్న వెండి కాయను వేలితో చూపిస్తా. "ఈ ఇల్లు యాడుంది?"

నాకు నవ్వొచ్చింది. ముసలామె ముందర సార్ ఎట్లా నీళ్ళు నములుతాడో చూడాలనిపించింది. ఇల్లు ఎక్కడో వివరంగా చెప్పినాను. ఏ సందు, ఏ మలుపు, ఏ తలుపు. గురువారం పోవద్దని కూడా చెప్పినాను.

"యా ఊరు అవ్వా?"

"చిప్పగిరి. దేవక్క అంటారు."

ఆమె పోయినాక అద్దం మీద సున్నపు వేలిముద్ర కనిపించింది. గుడ్డతో తుడిచినాను. పోలేదు. మళ్ళా తుడిచినాను. అప్పుడు తెలిసింది, మరక లోపలి వైపు ఉంది.

ఆ వారంలోనే సార్‌కు భయం పట్టుకుంది. ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చి బీరువాకంటే కిటికీ ఊచల్ని ఎక్కువసేపు చూసి పోయినారంట. గురువారం రమాబాయమ్మను చుట్టాలతో మంత్రాలయం పంపి, తాను ఇంట్లోనే ఆగిపోయినాడు. ఒక్కడే ఉండలేక నాకు కబురు పెట్టినాడు. పిరికితనం అని చెప్పుకోలేడు కదా, బంగారు కాయలకు విడిగా ఫోటోలు తియ్యాలని వంక పెట్టినాడు.

నేను పోయేసరికి పన్నెండు దాటింది. నన్ను లోపలికి రానిచ్చి పచ్చ తలుపులు మూసి, గడియ వేసి, గడియకు అడ్డంగా రోకలి పెట్టినాడు. కిటికీలు అన్నీ మూసినాడు. మిద్దె కప్పులోని గవాక్షిలోనుంచి పళ్ళెమంత వెలుతురు నేల మీద పడుతాంది. తక్కినదంతా చీకటి. చేతిలో ఇనుప కడ్డీ పట్టుకొని కుర్చీలో కూర్చున్నాడు.

"దొంగనాకొడుకులు, రానీ చూద్దాం" అన్నాడు. అంటానే కుర్చీని గోడ దాకా జరుపుకున్నాడు.

నేను స్టాండు నిలబెట్టుకుంటున్నాను. ముందు వాసన వచ్చింది. తడి సున్నం వాసన. కొత్తగా సున్నం కొట్టిన గోడల దగ్గర వస్తుందే, అది. దాని వెనకే నమిలిన వక్కాకు వాసన, వెచ్చగా... ఎవరో మన ముఖం మీదికి వంగి ఊపిరి వదిలినట్టు.

"ఇంట్లో ఎవరన్నా సున్నం కలిపినారా సార్?"

"మా ఇంట్లో వక్కాకు వేసుకునేవాళ్ళే లేరు. ఆ కాయల్లో సున్నం చూసి ఎన్నేండ్లయిందో" అంటా లేచి బీరువా తెరిచినాడు. ఒక కాయ మూత తీసినాడు.

నిండుగా సున్నం. తెల్లగా, తడిగా, అప్పుడే కలిపినట్టు.

ఇంకోటి తీసినాడు. అదీ నిండుగానే ఉంది. చేప, నెమలి, మామిడిపిందె... అన్నీ.

అప్పుడు వినిపించింది. తప్... తప్... ఎవరో పళ్ళు లేని నోటితో నములుతాండారు. బీరువా వెనక గోడకూ చెక్కకూ మధ్య జానెడు సందు కూడా లేదు. చప్పుడు అక్కడినుంచే వస్తాంది.

"సారూ..."

గుసగుస. నేను గుర్తుపట్టినాను.

"సార్, ఈ గొంతు... చిప్పగిరి దేవక్క. మొన్న నా స్టూడియోకు వచ్చింది" అన్నాను.

భీమసేనరావు నావైపు తిరిగినాడు. ఆ ముఖం ఎప్పటికీ మరిచిపోను. "దేవక్కా? ఆమె పోయి తొమ్మిదేండ్లయింది గదరా..." అన్నాడు.

"పిల్లకాయలకు సూపించి సాయంత్రానికి ఇస్తానంటివే సారూ" అనింది గొంతు. "మంచంలో పడినా దారి సూసినా. పానం పోయేటప్పుడూ సూసినా. మా అమ్మ ఇచ్చిన కాయ. అది లేక నోరు సప్పగా పోయినాను."

సార్ చూపు మూడో వరస మీదికి పోయింది.

"ఊరూరా తిరిగినాను. హొళగుంద పోయినాను, గోనెగండ్ల పోయినాను. ఇల్లు తెలీలేదు. ఇప్పుడు నువ్వే సూపిస్తివి. నీ బొమ్మ, నీ తలుపు, నీ బీరువా..."

ఇచ్చేస్తే సరిపోతుండె. మూడో వరసలో వంకాయ. చెయ్యి చాపితే అందుతుంది. "ఇచ్చేయండి సార్" అని నేను కూడా అన్నాను. ఆయన ఏమన్నాడో తెలుసా? దెయ్యం ముందర కూడా హెడ్మాస్టరు గొంతు తెచ్చుకొని అన్నాడు:

"అది నీది కాదు. నేను కొన్నది."

నమలడం ఆగింది.

ఇల్లంతా ఆగింది.

"అట్లనా సారూ..." మెల్లగా, దాదాపు ప్రేమగా అనింది. "ఆ సున్నం నాలిక మీద పెట్టుకొని సెప్పు."

ఆయన చెయ్యి లేచింది. తానే ఎత్తినాడా, ఎవరన్నా ఎత్తించినారా, నాకు తెలీదు. వేలు వంకాయలోకి పోయింది. సున్నం తీసింది. నోట్లో పెట్టుకున్నాడు.

"అది నేను... కొన్నది."

మళ్ళా వేలు పోయింది. మళ్ళా. చేప అయింది. నెమలి అయింది. కండ్లలో నీళ్ళు కారుతాండాయి, నోట్లోనుంచి తెల్లగా, తర్వాత ఎర్రగా కారుతాంది. అయినా ఆ మాటే. "కొన్నది... కొన్న..." తర్వాత మాట కాదు. చప్పుడు. నీళ్ళలో బుడగల మాదిరి.

గవాక్షి వెలుతురులోకి, నేల మీదికి, రెండు పాదాలు వచ్చినాయి. మడమలు పగిలి ఉన్నాయి. ఆ పాదాలకు పైన ఏమీ లేదు.

నేను ఆయనను పట్టుకోలేదు. రోకలి లాగి, గడియ తీసి, ఎండలోకి పరిగెత్తినాను. కెమెరా కూడా వదిలేసినాను. ఆయనను పిరికివాడు అన్నాను కదా. నన్ను ఏమనాలో మీరే అనుకోండి.

సార్ చావలేదు. నాలుగేండ్లు బతికినాడు. నాలిక ఉడికిన మాంసపు తునక మాదిరి తెల్లబడిపోయి, ఒక్క మాట లేకుండా. ఊరికి మాత్రం ఏదో జబ్బు అని చెప్పుకున్నారు. బీరువాలో వంకాయ ఒక్కటే లేదు.

ఆయన పోయినాక రమాబాయమ్మ నన్ను పిలిపించింది. "ఇవి ఎవరివి వాళ్ళకు ఇచ్చేద్దామంటే, ఏది ఎవరిదో ఆయన ఎక్కడా రాయలేదప్పా" అనింది. ఎందుకు రాస్తాడు? ఎవరి దగ్గర తీసుకున్నాడో వాళ్ళ పేర్లు గుర్తు పెట్టుకునే మనిషయితే తీసుకునేవాడే కాదు. తక్కిన కాయలన్నీ ట్రంకు పెట్టెలో పెట్టి ఏట్లో వెయ్యమనింది. నేను ఒక్కణ్ణే పోయి తుంగభద్ర మడుగులో వేసినాను. ఎక్కడ వేసినానో ఆమెకు కూడా చెప్పలేదు.

తర్వాత ఆదోనిలో ఉండలేకపోయినాను. 1984లో ఎమ్మిగనూరు వచ్చేసినాను. మగ్గాల వీధిలో ఒక గది. ఫోటోలు మానేసినాను. సైకిళ్ళు బాగుచేస్తాను. వాకిట్లో బోర్డు లేదు. బంధువులకు కూడా చిరునామా ఇవ్వలేదు.

ఈ పొద్దు వారపత్రిక ఆఫీసునుంచి ఒక కవరు వచ్చింది. అందులో చిన్న ఉత్తరం.

'మీరు తీసిన సున్నపుకాయల ఫోటో గురించి పాఠకులు ఇప్పటికీ రాస్తున్నారు. ఆ వస్తువులు ఎక్కడున్నదీ మీకొక్కరికే తెలుసునని వారంటున్నారు. కాబట్టి పోయిన వారం సంచికలో మీ చిరునామా ప్రచురించినాము.'

అచ్చయిన ముక్కను కత్తిరించి పిన్నుతో గుచ్చినారు, వెధవలు. నా పేరు ఉంది. ఊరు, వీధి ఉన్నాయి. దాని కింద ఇంకొక వరస ఉంది.

'తూర్పు కిటికీ కింద మంచం.'

నిన్న రాత్రి వాన కొట్టి పడమటి గోడ కారింది. అప్పటిదాకా నా మంచం ఆ గోడ పక్కనే ఉండేది. తూర్పు కిటికీ కిందికి జరుపుకున్నది నిన్న రాత్రే.