బొగ్గు గోతిలో గొంతు

పొద్దుగూకాక ఆ గూడ్స్ షెడ్డు చివరికి ఎవరూ వెళ్ళరు. కుక్కలు కూడా వెళ్ళవు. ఖర్మ కాలి ఏదైనా వెళ్ళినా... తోక ముడుచుకుని తిరిగొచ్చేస్తుంది.

మొదట్లో అక్కడ సరుకు దింపడానికి ఒట్టి మట్టి దిబ్బ ఉండేదట. తర్వాత రాతి ప్లాట్‌ఫారం కట్టారు, దాని మీద రేకుల షెడ్డు లేచింది. ఆ తర్వాత బొగ్గు కోసం ఒక పక్క పట్టాలను రెండు నిలువుల ఎత్తు లేపి, కింద గొయ్యి తవ్వారు. పైన వ్యాగన్ అడుగు తలుపు తీస్తే బొగ్గంతా దడదడా గోతిలో పడేది. కింద గోడ చాటున నిలబడ్డ మనిషి "ఇంకా ఉందా?" అని కేకేసేవాడు. పైవాడు "అయిపోయింది!" అంటేనే వాడు బయటికి రావాలి. అనకపోతే రాకూడదు. అదీ అక్కడి పని పద్ధతి.

ఒక రోజు పైవాడు ఆ మాట అనడం మరిచిపోయి భోజనానికి వెళ్ళిపోయాడట. కిందివాడు... మళ్ళీ కనిపించలేదట. గోడ కూలిందని కొందరంటారు, అలిగి పోయాడని కొందరంటారు. బొగ్గు రావడం ఆగి పదేళ్ళయింది. అయినా చీకటి పడితే గోతిలోంచి ఒక గొంతు—

"ఇంకా ఉందా?"

ఇప్పుడు ఆ షెడ్డుకి వచ్చేది సిమెంటు. అదీ రాత్రి బండికే వస్తుంది. హమాలీలు నలభై మంది, ఒక్కొక్కడూ కొండని పిండి చేసేలా ఉంటాడు, తెల్లారేదాకా ఒక్కడూ వ్యాగన్ తలుపు తియ్యడు. పైఆఫీసుకి ఒళ్ళు మండింది. రేపు పొద్దున ఏడింటికల్లా వ్యాగన్లు ఖాళీ కాకపోతే షెడ్డుకి తాళమే అని కబురొచ్చింది. తాళం పడితే నలభై ఇళ్ళలో పొయ్యి వెలగదు.

"మేస్త్రీ, నువ్వెళ్ళి చూసి రా. ఏమీ లేదని చెప్పు, మేమొస్తాం," అన్నారంతా.

వాళ్ళ మేస్త్రిని ఈలల మేస్త్రి అంటారు. గుండెలో ధైర్యం ఎంత తగ్గితే నోట్లో ఈల అంత పెరుగుతుంది ఆయనకి. ఆ రాత్రి షెడ్డు సగం దాటేసరికి ఆ ఈల రైలు కూతలాగే ఉంది.

గోతి గట్టు మీద నిలబడ్డాడు. టార్చి వేశాడు. టార్చి వెలగలేదు. నెత్తిన కొట్టుకుని... బ్యాటరీలు వేసుకోనందుకు తనని తానే తిట్టుకున్నాడు.

ఈల ఆగింది.

కింద ఏదో కదిలింది... పార రాతిని గీకిన చప్పుడు... ఒక దగ్గు.

"ఇంకా ఉందా?"

మేస్త్రి గిరుక్కున వెనక్కి తిరిగాడు. అంతలో దగ్గు మళ్ళీ వినబడింది. ఆ దగ్గు ఎక్కడో విన్నదే! గొంతూ విన్నదే!

"ఓర్నీ... మామా! నువ్వా?"

మేస్త్రికి పిల్లనిచ్చిన మామ ముప్ఫై ఏళ్ళు ఆ గోతిలోనే పనిచేసి రిటైరయ్యాడు. ఖాళీగా కూర్చోలేని మనిషి. అలవాటు పోక రాత్రిళ్ళు వస్తున్నాడన్న మాట!

"సిగ్గులేదా మామా, నలభై మందిని హడలగొట్టి చంపుతున్నావ్! పైకి రా."

"నువ్వెళ్ళు... నేనొస్తాలే," అంది గొంతు. "ఇంకా ఉందా?"

"ఉంది మామా, ఉంది! నాలుగు వ్యాగన్లు!" అని అరిచి, నవ్వుకుంటూ ఒక్క పరుగున వచ్చి విషయం చెప్పాడు మేస్త్రి. నలభై మందీ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే వ్యాగన్ల మీద పడ్డారు. పొద్దున్నే ఆఫీసరు వచ్చేసరికి ఒక్క బస్తా మిగల్లేదు. తాళం ఆయన జేబులోనే ఉండిపోయింది. మేస్త్రికి ఏడుపొచ్చినంత సంతోషమేసింది.

ఆ ఊపులో ఇంటికెళితే, వాకిట్లో మామ సంచీతో నిలబడి ఉన్నాడు.

"ఏం మామా, రాత్రంతా అరిచి గొంతు బొంగురుపోయిందా?"

"ఎక్కడ అరిచాన్రా?"

"గోతిలో!"

"నీ మొహం! నాలుగు రోజులుగా పెద్దకూతురింట్లో ఉన్నాను. ఇప్పుడే బస్సు దిగాను. మీ ఆవిడనడుగు."

మేస్త్రి భార్య నీళ్ళ చెంబుతో బయటికొచ్చి, "అవునండీ, నాన్న ఊళ్ళో లేడుగా. మీకు చెప్పాను, మీరు వింటేగా," అంది.

మేస్త్రి అరుగు మీద కూలబడ్డాడు. మామకి మాత్రం పట్టరాని కోపం వచ్చింది. "అయితే నా గోతిలో ఎవడు దిగాడ్రా? ఎవరినడిగి దిగాడు?"

"ష్... మెల్లగా మామా, నీకు దణ్ణం పెడతాను," అన్నాడు మేస్త్రి వీధి వైపు చూస్తూ. ఈ సంగతి హమాలీల చెవిన పడిందా, షెడ్డుకి తాళమే. "ఎవరడిగినా నువ్వే అని చెప్పు."

ఆ రాత్రి మళ్ళీ సిమెంటు వచ్చింది. హమాలీలు జోకులేసుకుంటూ బస్తాలు దింపుతున్నారు. గోతిలోంచి వినబడింది...

"ఇంకా ఉందా?"

"మేస్త్రీ, మీ మామ పిలుస్తున్నాడు, పలుకు!" అని ఒకటే నవ్వు.

నలభై మంది నవ్వుతుంటే మేస్త్రి ఒక్కడే చెమటతో తడిసి ముద్దయ్యాడు. నెత్తిన తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. వంగి, రెండు చేతులూ జోడించాడు.

"ఉందండీ... చాలా ఉందండీ... తమరు అక్కడే ఉండండి."