తొలికాపు చిక్కుళ్ళు

మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలంతా వరసగా నిలబడ్డారు. ఇన్నమ్మ టీచర్ బల్ల మీద వెదురు గంప పెట్టింది. ఒక్కొక్కరే వచ్చి, తెచ్చింది గంపలో పోస్తున్నారు.

అది దుమ్ముగూడెం దాటాక గోదావరి ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఊళ్ళో ఒక మిషన్ బడి. ఏటా కోతల రోజుల్లో పెద్దవాళ్ళు కొత్త పంట చర్చికి తెచ్చి దేవునికి కృతజ్ఞత చెప్పుకుంటారు. ఇన్నమ్మ టీచర్ ఆ పనిని తన రెండో, మూడో తరగతి పిల్లలతో బడిలోనే చేయిస్తుంది. చర్చికి వచ్చే పిల్లలూ, రాని పిల్లలూ అందరూ చేస్తారు. ఇంటి నుంచి పిడికెడు ఏదైనా తేవాలి. అది ఎవరి చేతి పంటో చెప్పాలి. మర్నాడు అన్నీ ఒకే గిన్నెలో వండుకుని తినాలి.

"పంట లేనోళ్ళు పొయ్యిలోకి పుల్లలు తెచ్చినా చాలు" అని టీచర్ ముందే చెప్పింది.

రూప్లి పిడికెడు జొన్నలు పోసింది.

"మా అమ్మ పండించింది టీచర్. నేను కంకులు ఏరిన."

రెడ్యా పెసలు పోశాడు.

"మా బాపు చేన్లయి. నేను కావలి కాసిన."

"కాసినవా, పండుకున్నవా?" అంది రూప్లి.

"కొంచెం కాసిన. కొంచెం పండుకున్న."

అందరూ నవ్వారు. తర్వాత మరియ వంతు వచ్చింది. మరియ గౌను అంచు ఎత్తి పట్టుకుని ఉంది. అందులో చిక్కుడుకాయలు ఉన్నాయి. లేత ఆకుపచ్చ రంగు, అంచున ఊదా చార. గంపలో పోస్తే సగం నిండింది.

"ఎవరి చేతి పంట మరియా?"

"మా అమ్మ పెట్టిన పాదు టీచర్."

"మీకు పాదు యాడున్నదే?" అన్నాడు రెడ్యా. "మీది కిరాయి ఇల్లాయె."

"ఉన్నది. నీకేం తెల్సు?"

టీచర్ మరియ ముఖం వైపు ఒకసారి చూసింది. తర్వాతి పిల్లను పిలిచింది.

మరియ వాళ్ళకు నిజంగానే పాదు లేదు. చేను కూడా లేదు. వాళ్ళ నాన్న అంతోనయ్య తాపీ మేస్త్రి. మిషన్ వాళ్ళు బడి గోడలు కట్టిస్తుంటే కూసుమంచి నుంచి పనికి వచ్చాడు. కిందటి ఏడు మరియ బడికి పుల్లలే తెచ్చింది. ఆ రోజు నుంచి రెడ్యా ఆమెను పుల్లల మరియ అని పిలిచేవాడు. వానాకాలం దాకా ఆ పేరు పోలేదు. ఈసారి పుల్లలు మాత్రం తేకూడదని మరియ గట్టిగా అనుకుంది.

ఆ పొద్దున ముఖం కడుక్కుంటుంటే దడి అవతల చిక్కుడు పందిరి కనబడింది. అది పక్కింటి కన్నమ్మవ్వది. పందిరి నిండా కాయలు. కొన్ని దడి మీదుగా ఇటువైపు వంగి ఉన్నాయి. చాలా రోజులుగా మరియ వాటిని చూస్తూనే ఉంది. అవ్వ ఒక్క కాయ కూడా కోయలేదు. కొన్నిటిలో అప్పుడే గింజలు ఉబ్బుతున్నాయి.

అవ్వకు చిక్కుళ్ళు ఇష్టం లేవేమో, ఊరికే ముదిరిపోతున్నాయి, అనుకుంది మరియ.

ఇటువైపు వంగినవి కోసింది. అవి సరిపోలేదనిపించి రాయి ఎక్కింది. చెయ్యి అందినంత వరకు కోసింది. అవ్వ అప్పటికి వాగుకు నీళ్ళకు పోయి ఉంది.

గంప నిండాక టీచర్ అందరికీ తలా ఒక తెల్ల కాగితం ఇచ్చింది.

"ఎడమ చెయ్యి కాగితం మీద పెట్టండి. చుట్టూ పెన్సిల్‌తో గీయండి. వేలికొక పేరు రాయాలి. ఎవరి చేతి వల్ల మీకు మేలు జరిగిందో వాళ్ళ పేరు."

"టీచర్, మా బర్రె పేరు రాయొచ్చునా?" అని రెడ్యా అడిగాడు.

"బర్రెకు చెయ్యి ఉన్నదా రెడ్యా?"

"చెయ్యి లేదు టీచర్. పాలున్నయ్."

టీచర్ కూడా నవ్వింది. "సరే, రాసుకో" అంది.

మరియ బొటనవేలిలో యేసయ్య అని రాసింది. తర్వాత నాన్న. తర్వాత అమ్మ. తర్వాత ఇన్నమ్మ టీచర్. చిటికెన వేలు ఖాళీగా మిగిలింది. ఎంతసేపు ఆలోచించినా పేరు తోచలేదు. గంట కొట్టారు.

"రేపు రాద్దువులే" అంది టీచర్.

మరియ ఇంటికి వచ్చేసరికి కన్నమ్మవ్వ పందిరి కింద కూర్చుని ఉంది. చేతిలో కర్ర. పక్కన ఒక పాత డబ్బా. రోజూ ఆ వేళకు అవ్వ వరి కోతలో ఉంటుంది.

"అవ్వా, కోతకు పోలేదా?"

"యాడ పోదు బిడ్డా? కోతులొచ్చినయ్. తొలికాపంత పీక్కపోయినయ్. ఉన్న పూతనన్న కాపాడుకుందామని కూసున్న."

అవ్వ డబ్బా మీద కర్రతో కొట్టింది. చింతచెట్టు మీద కాకి లేచిపోయింది. కోతులేమీ లేవు.

మరియ దడి పట్టుకుని నిలబడింది. "నువ్వే కోసుకోలే గదా అవ్వా. ముదిరిపోతుంటె..."

"కొత్త పెట్టకముందు ఎట్ల కోస్తనే?"

"కొత్త అంటే ఏంది?"

"నీకు తెల్వదు గదా. మా కోయోళ్ళల్ల కొత్త పంట ఏదొచ్చినా తొలుత పెద్దలకు పెడ్తం. మా ఇండ్లల్ల పోయినోళ్ళకు. ఊరంత కలిసి ఒక దినం అనుకుంటం. ఆ దినం కోసి, వండి, వాళ్ళ పేరు చెప్పి పెట్టినంకనే మేం తింటం. అందాక ఒక్క కాయ నోట్లె పెట్టం."

"ఏ దినం అవ్వా?"

"ఆదివారం దాటంగనే. ఈసారి మీ తాత గూడ పెద్దలల్ల కలుస్తడు." అవ్వ పందిరి గుంజను అరచేత్తో తడిమింది. "గీ గుంజలు పాతింది ఆయననే."

జోగయ్య తాత అవ్వ భర్త. అది పంతొమ్మిది వందల ఎనభై ఆరు. ఆ వానాకాలమే గోదావరి ఊళ్ళ మీదికి వచ్చింది. వరద వచ్చినప్పుడు తాత ఇంట్లోంచి వేరే ఏమీ తీసుకోలేదు. విత్తనాలున్న సొరకాయ బుర్ర ఒక్కటి చంకలో పెట్టుకుని గుట్ట ఎక్కాడు. నీళ్ళు తీశాక ఆ బుర్రలోని చిక్కుడు గింజలు నాటాడు. పందిరి వేశాడు. తీగ పందిరి మీదికి పాకకముందే జ్వరంతో పోయాడు. ఆ పాదు కాయలు ఆయన చూడలేదు.

మరియకు నేనే కోశానని చెప్పాలనిపించింది. దడి వదిలేసింది. నెమ్మదిగా ఇంట్లోకి పోయింది.

రాత్రి మరియ కంచం ముందు కూర్చుని మెతుకులు ఒక్కొక్కటే పక్కకు జరుపుతోంది.

"ఏందే, అన్నం కెలుకుతున్నవ్?" అంది అమ్మ.

"ఆకలి లేదమ్మా."

నాన్న కాళ్ళకు అంటిన సున్నం గోక్కుంటూ అన్నాడు. "పాపం, కన్నమ్మక్క పొద్దంత పందిరి కిందనే కూసున్నదంట. కోతులంటున్నది గని నేను చూసొచ్చిన. కోతులైతే తీగ తెంపుతయ్. ఒక్క తీగ తెగలే. తొడిమ కాడికి చక్కగ కోసి ఉన్నది."

"మనుషులేనంటవా?" అంది అమ్మ.

"నేనేమంట? చేత్తోని కోసినట్టున్నది."

మరియ తన చేతులు చూసుకుంది. వాటిని కంచం కింద దాచుకుంది.

మర్నాడు మరియ అందరికన్నా ముందు బడికి పోవాలనుకుంది. కాని అప్పటికే బడి వెనక మూడు రాళ్ళ పొయ్యి వెలిగింది. గిన్నెలో నీళ్ళు కాగుతున్నాయి. టీచర్ బియ్యం కడుగుతోంది. రూప్లి గంప ముందేసుకుని కూర్చుంది. ఒక చిక్కుడుకాయ చేతిలోకి తీసుకుని ఈనె లాగుతోంది.

"ఆగు రూప్లీ."

"ఏందే?"

"తుంచకు. వాటిని తుంచకు." మరియ పరుగున వచ్చి గంప మీద చేతులు పెట్టింది. "టీచర్, అవి మా అమ్మ పెట్టినవి కావు. కన్నమ్మవ్వయి. నేను అడగకుండ కోసిన. అవ్వ కోతులనుకుంటున్నది."

రెడ్యా ఏదో అనబోయాడు. టీచర్ వాడి వైపు చూసింది. వాడు నోరు మూసుకున్నాడు.

మరియ మిగతాది కూడా చెప్పింది. కొత్త పెట్టడం, తాత పేరు, అవ్వ కోతకు పోకుండా కూర్చోవడం. చెప్పేటప్పుడు ఏడవలేదు. చెప్పాక ఏడ్చింది.

టీచర్ చేతులు తుడుచుకుంది. జొన్నలూ పెసలూ పక్కకు తీసి, చిక్కుళ్ళు ఒక్కటొక్కటే ఏరి తన తువ్వాలులో పోసింది. రూప్లి చేతిలోని కాయ కూడా తీసుకుంది.

"నిన్ననే నాకు అనుమానమొచ్చింది మరియా. అందరి ముందు ఎందుకని అడగలే. పక్కకు పిలిచి అడిగితే అయిపోయేది" అంది. తువ్వాలు మూట కట్టి మరియకు ఇచ్చింది. "పో. నీ చేత్తోనే ఇచ్చి రా."

"అవ్వ తిడ్తదేమో టీచర్."

"తిట్టొచ్చు."

మరియ మూట ఎదకు హత్తుకుని నడిచింది. కన్నమ్మవ్వ నిన్నటి చోటే కూర్చుని ఉంది. కొడవలి గోడకు వేలాడుతోంది.

"బడి లేదా ఇయ్యాల?"

మరియ అవ్వ ముందు మూట పెట్టింది. ముడి విప్పింది.

"కోతులు కాదు అవ్వా. నేను."

అవ్వ కాయల వైపు చూసింది. తర్వాత మరియ వైపు చూసింది. మరియ కాలి బొటనవేలితో నేల గీస్తూ నిలబడింది.

"తిన్నరా?" అని అడిగింది అవ్వ.

"తినలే."

"ఎవ్వరు గూడ తినలేదా?"

"ఎవ్వరు తినలే అవ్వా. రూప్లి ఒక్క కాయ ఈనె తీసింది. అది గూడ ఇందులనే ఉన్నది."

అవ్వ ఆ కాయ వెతికి చేతిలోకి తీసుకుంది.

"పొద్దంత కోతులను తిట్టిన" అంది. "ఉత్తగనే తిట్టిన వాటిని."

"నువ్వు కోసుకోకుంటె, ఎవరికీ అక్కర్లేదనుకున్న అవ్వా."

"అడిగితే చెప్పకపోదునా?"

మరియ తల వంచుకుంది.

"ఆయన పేరు చెప్పి నేను కోయాలె" అంది అవ్వ. "అది ఇగ కాదు. మళ్ళ తీగకు అతికించలేం." చాట తెచ్చి మరియ ముందు పెట్టింది. "కోసేటప్పుడు ఏమన్న అన్నవా?"

"ఏం అనలే."

"గట్లయితె ఇప్పుడను. మీ తాత పేరు చెప్పి చాటల పొయ్యి."

మరియ దోసిట్లోకి కాయలు తీసుకుంది. పేరు చెప్పబోతే గుర్తొచ్చింది. వానాకాలంలో బడికి పోయే దారిలో వాగు పొంగేది. జోగయ్య తాత ఒడ్డున నిలబడి ఉండేవాడు. పిల్లలను ఒక్కొక్కరినే భుజం మీద ఎక్కించుకుని దాటించేవాడు. మరియ భయపడి జుట్టు పట్టుకుంటే, "జుట్టు ఊడితె మళ్ళ నాటుతవా బిడ్డా?" అనేవాడు. ఆవలి ఒడ్డున దించి తిరిగి పోయేవాడు. మరియ వెనక్కి చూడకుండా బడికి పరుగెత్తేది.

"జోగయ్య తాత" అంది మరియ. కాయలు చాటలో పోసింది. మళ్ళీ దోసిలి నింపింది. మళ్ళీ ఆ పేరే చెప్పింది. మూట అయిపోయే దాకా అలాగే చెప్పింది.

అవ్వ చాటను గుడ్డతో కప్పి లోపల పెట్టి వచ్చింది.

"నువ్వు కోతకు పో అవ్వా" అంది మరియ. "సాయంత్రం బడి అయినంక నేను కావలుంట. అందాక మా అమ్మను చూడమంట."

"మీ అమ్మకు తెల్సా?"

"ఇప్పుడు పోయి చెప్త."

అవ్వ గోడకున్న కొడవలి తీసుకుంది.

మరియ ఇంట్లోకి పోయి అమ్మకు అంతా చెప్పింది. అమ్మ కోపంగా చూసింది. తర్వాత పీట తీసుకుపోయి, దడి పక్కన పందిరి కనబడేటట్టు వేసుకుంది.

బడికి తిరిగి పోయే దారిలో మరియ వంగి వంగి ఎండు పుల్లలు ఏరింది. చంకనిండా అయ్యాయి.

"పుల్లల మరియ వచ్చింది" అన్నాడు రెడ్యా.

"అవ్. పుల్లలే తెచ్చిన" అంది మరియ. పొయ్యి ముందు కూర్చుని ఒక్కొక్కటే లోపలికి తోసింది. మంట లేచింది. రెడ్యా కాసేపు చూసి, వచ్చి పక్కన కూర్చున్నాడు. తనూ ఒక పుల్ల తోశాడు.

అన్నాలయ్యాక టీచర్ చేతుల కాగితాలు పంచింది. మరియ చిటికెన వేలిలో జోగయ్య తాత పేరు రాసింది. పేరు పెద్దది, వేలు చిన్నది. చివరి అక్షరాలు గీత దాటి అరచేతిలోకి వచ్చాయి.

సాయంత్రం మరియ పందిరి కింద కూర్చుంది. ఒళ్ళో కర్ర, పక్కన డబ్బా. తీగ కొసల్లో ఊదారంగు పూలు ఉన్నాయి. వాటి వెనక సన్నటి పిందెలు. మరియ వాటిని ముట్టుకోలేదు.

పొద్దు గుంకేటప్పుడు కన్నమ్మవ్వ కోత నుంచి వచ్చింది. కొడవలి గోడకు తగిలించి మరియ పక్కన కూలబడింది.

"కోతులొచ్చినయా?"

"ఒక్కటి గూడ రాలే అవ్వా."

అవ్వ మరియ ఒళ్ళోని కర్ర తీసుకుని పక్కన పెట్టింది.

"రేపు గూడ వస్తవా?" అని అడిగింది.

"వస్త" అంది మరియ.