రోజు విడిచి రోజు జపాలు

చర్చి వెనక గదిలో పాత బీరువా ఖాళీ చేస్తున్నారని విని కళ్ళజోళ్ళ షాపు అబ్బాయి మధ్యాహ్నం షట్టరు దించేసి మరీ వచ్చాడు. అట్టలూడిన పాటల పుస్తకాల వెనక, అడుగు అరలో చెయ్యి పెట్టేసరికి నల్ల అట్ట పాత జపాల పుస్తకం తగిలింది. లాగాడు. రాలేదు. అవతలి చివర ఇంకో చెయ్యి పట్టుకుని ఉంది.

"వదలండి," అంది ఆ చేతి తాలూకు అమ్మాయి.

"ముందు పట్టుకుంది నేనండి."

"పొద్దుటి నుంచీ ఈ దుమ్ములో వెతుకుతున్నాను. మీరిప్పుడే ఊడిపడ్డారు. వదలకపోతే పళ్ళు రాలతాయి."

"బెదిరిస్తున్నారా?"

"లేదు, నేను పళ్ళ డాక్టర్ని. రాలాక ఎంత అవస్థో తెలుసు కాబట్టి చెప్తున్నాను."

స్టూలు మీద కూర్చుని దుమ్ము దులుపుకుంటున్న ఫాదర్ తలెత్తాడు. "కొత్త పుస్తకాలు పెట్టెనిండా ఉన్నాయి. చెరొకటి పట్టుకెళ్ళండి."

"మా అమ్మమ్మ ఒప్పుకోదు ఫాదర్. కొత్త జపాల్లో దేవుణ్ణి పక్కింటాయన్ని పిలిచినట్టు పిలుస్తున్నారంటుంది. తన పాత పుస్తకాన్ని తాతయ్య శవపేటికలో పెట్టి పంపేసింది. ఇప్పుడేమో పొద్దున లేస్తే చేతులు ఖాళీగా ఉన్నాయని దిగులు."

ఆ మాటకి అబ్బాయి పట్టు కాస్త సడలింది. కానీ వాళ్ళ నాన్నమ్మ సంగతీ తక్కువేం కాదు. ఆవిడ పుస్తకం వానలో తడిసి ముద్దయింది. కొత్తది కొనిస్తే తెరిచి చూసి, ఇదెవరిదో వాళ్ళకి ఇచ్చెయ్యమంది.

ఫాదర్ తీర్పు చెప్పాడు. "రోజు విడిచి రోజు. ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో. సాయంత్రం పూజకి ముందు గేటు దగ్గర మార్చుకోండి. నన్ను మాత్రం మధ్యలోకి లాగకండి."

అలా మొదలైంది. మొదట్లో పుస్తకంతో పాటు ఫిర్యాదులు కూడా చేతులు మారేవి.

"మీ నాన్నమ్మగారు పేజీల మధ్య పౌడరు చల్లుతారా? మా అమ్మమ్మకి జపం మధ్యలో తుమ్ములు."

"మీ అమ్మమ్మగారు మంచి మరణం కోసం చేసే జపం దగ్గర పేజీ మడతపెట్టారు. మా నాన్నమ్మకి కోపం వచ్చింది. తనకి అంత తొందరేం లేదట."

ఆమె నవ్వాపుకోలేకపోయింది. మర్నాటి నుంచి ఫిర్యాదు లేకపోయినా ఏదో ఒకటి కల్పించి తేవడం ఇద్దరికీ అలవాటయింది.

ఒకరోజు గేటు దగ్గర వాన పట్టుకుంది. ఉన్నది ఒక్క గొడుగు, అదీ అతనిదే. దాన్ని ఆమె చేతికిచ్చి తను బయట నిలబడ్డాడు.

"మీరు తడుస్తున్నారు."

"పుస్తకం తడవకూడదు కదండి. నేనైతే ఆరతాను."

ఆమె గొడుగు కింద నుంచి ఓ చూపు చూసింది. అప్పటిదాకా అతను ఎందరి కళ్ళో పరీక్ష చేశాడు గానీ, తన గుండె జారేంత చూపు ఎవరి దగ్గరా చూడలేదు. ఆ సాయంత్రమే అతను పూర్తిగా ప్రేమలో పడ్డాడు.

కొన్నాళ్ళకి ఓ పెద్దాయన కళ్ళజోడు బాగుచేయించుకోవడానికి షాపుకొచ్చి, మాటల్లో ఈ సంగతి విని, మర్నాడు తన ఇంట్లో ఉన్న అదే పాత పుస్తకాన్ని తెచ్చి ఇచ్చేశాడు. ఎగిరి గంతెయ్యాల్సిన అబ్బాయి నీరుగారిపోయాడు. రెండో పుస్తకం ఇంటికొస్తే ఇక గేటు దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? లెన్సులు తుడిచే గుడ్డల కింద దాన్ని దాచి, సొరుగుకి తాళం వేశాడు.

కానీ పుస్తకం లేని రోజున నాన్నమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "రేపు వస్తుంది కదా నాన్నా?" అని అడిగితే అతనికి ముద్ద దిగేది కాదు. చివరికి ఉండబట్టలేక, శనివారం సాయంత్రం ఆ పుస్తకాన్ని సంచిలో వేసుకుని, ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళాడు.

వరసలో తన ముందు పళ్ళ డాక్టరు నిలబడి ఉంది.

"మీరేం పాపం చేశారు?" అన్నాడు గుసగుసగా.

"మీకెందుకు? మీరేం చేశారు?"

"చిన్నదే."

"నాదీ చిన్నదే."

ఆమె లోపలికి వెళ్ళి, ఎర్రబడిన మొహంతో వచ్చి, అతన్ని చూడకుండా వెళ్ళిపోయింది. అతను వెళ్ళి మోకరించాడు.

"ఫాదర్, దొరికిన జపాల పుస్తకాన్ని మా నాన్నమ్మకి ఇవ్వకుండా దాచాను."

మధ్యనున్న చెక్క జాలీ అవతల ఫాదర్ దగ్గాడు. అక్కడ విన్నది ఎవరికీ చెప్పకూడదన్న నియమం ఫాదర్‌కి ఎప్పుడూ ఇంత బరువుగా అనిపించి ఉండదు.

"ఎందుకు దాచావు?"

"ఇచ్చేస్తే ఆ అమ్మాయిని కలిసే దారి ఉండదు. ఆమె అంటే నాకు ఇష్టం ఫాదర్."

"ఆ ముక్క నాకు చెప్తే ఏం లాభం? ఇదే నీ ప్రాయశ్చిత్తం. వెళ్ళి ఆ అమ్మాయికి నిజం చెప్పు. ఆ పుస్తకం ఈ సాయంత్రమే మీ నాన్నమ్మ చేతిలో ఉండాలి."

"ఇప్పుడేనా?"

"పరిగెత్తు."

ఆమె గేటు దగ్గరే ఉంది. "మీకో మాట చెప్పాలి" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. అతను సంచిలోంచి దాచిన పుస్తకం తీశాడు. ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని, తన హ్యాండ్‌బ్యాగులోంచి అచ్చం అలాంటిదే ఇంకొకటి తీసింది. ఇవాళ మార్చుకోవాల్సిన అసలు పుస్తకం అతని చంకలోనే ఉంది.

"ఇదెప్పుడు దొరికింది?" అంది.

"పోయిన వారం. మీది?"

ఆమె తల దించుకుంది. "వాన పడిన మర్నాడు."

అతనికి నవ్వాగలేదు. "అంటే నాకంటే పెద్ద పాపి."

"పళ్ళు రాలతాయి."

"రాలితే మీ దగ్గరికే వస్తాను. ఇంక పుస్తకం వంక అక్కర్లేదు నాకు. మీరంటే ఇష్టం. రోజూ వస్తాను."

"రోజు విడిచి రోజు కాదు కదా?" అంది ఆమె మెల్లగా.

సరిగ్గా అప్పుడే, ఆ మడతపెట్టిన పేజీ గురించి వాదించుకుంటూ, పూజకి ముసలమ్మలిద్దరూ వచ్చారు. మూడు పుస్తకాలు చూడగానే వాదన ఆగిపోయింది.

"నేను ఒట్టి చేతులతో కూర్చుంటే చూస్తూ ఊరుకున్నావుటే?" అంది అమ్మమ్మ.

"తప్పయింది అమ్మమ్మా," అంది పళ్ళ డాక్టరు. కళ్ళనీళ్ళు తిరిగాయి. అతనూ నాన్నమ్మ ముందు తలొంచుకుని నిలబడ్డాడు.

అమ్మమ్మ మనవరాలి చేతిలోని పుస్తకం లాక్కుని తెరిచి, పేజీలు నిమిరింది. నాన్నమ్మ మనవడి చేతిలోది తీసుకుంది. ఆనక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మావాడికి షాపుంది, ఇల్లుంది. బుద్ధే కాస్త తక్కువ," అంది నాన్నమ్మ.

"మా పిల్లకీ అంతే. సరిపోతారు," అంది అమ్మమ్మ. అతని చంకలోని మూడో పుస్తకం తీసి, ఇద్దరి చేతులూ కలిపి వాటిలో పెట్టింది. "ఇది మీ ఇద్దరికీ. ఒకే ఇంట్లో ఉంటే దీన్ని ఇటూ అటూ మోసే పనుండదు."

గుమ్మంలోకి వచ్చిన ఫాదర్, "ఏమైందమ్మా?" అన్నాడు.

"మీకు తెలీదా ఫాదర్?" అంది పళ్ళ డాక్టరు.

"నాకేం తెలుసు?" అంటూ మళ్ళీ దగ్గాడు.

పూజ గంట మోగింది. ముసలమ్మలు లోపలికి వెళ్ళాక కూడా వీళ్ళిద్దరూ పుస్తకం వదల్లేదు.

"ఇవాళ వంతు మీది. పట్టుకెళ్ళండి," అన్నాడతను.

"వద్దు, మీ ఇంట్లోనే ఉంచు," అంది ఆమె. "రేపు అమ్మమ్మతో కలిసి నేనే వస్తాను."