జేగురులోయ మీది దారం

జేగురులోయకు ఈవలి గట్టున నెమలిగట్టు దుర్గం, ఆవలి గట్టున గొడుగుబండ. నడుమ అడుగు కానరాని లోతున ఏరు హోరుమని పారుతుంటే, గొంతు చించుకుని అరిచినా ఒక గట్టు మాట మరొక గట్టుకు చేరదు. అందుకే కాబోలు, ఆ సీమవారు దారంతో మాట్లాడుకోవడం నేర్చారు. ఏటా విజయదశమినాడు ప్రతి కుటుంబమూ రెండుగా చీలి రెండు గట్లమీదా నిలిచేది. మగడు పట్టుదారం కట్టిన బాణాన్ని లోయ దాటిస్తే, ఆవల ఇల్లాలు దారం అందుకుని మూడుమార్లు లాగేది. అందింది, కానివ్వండని అర్థం. ఒక్కమారు లాగితే ఆగమని. ఆ దారానికి తాడు కట్టి, తాటిమీద అరిసెల బుట్టను ముందుగా దాటించినవారిదే గెలుపు. ఆపై విల్లు ఇల్లాలి చేతికి, తరువాత పిల్లల చేతికి వచ్చేది. మూడు లాగులూ అందేదాకా బాణం వేసినవారు దారం వదలరాదు. వదిలినవారిని పసివాళ్లు సైతం ఏడాది పొడుగునా వెక్కిరించేవారు.

సేనాపతి కాటయ నాయకుడు రణరంగంలో ఎంతటివాడైనా ఈ ఆటలో భార్య మైలసాని చేతిలో నవ్వులపాలు కాని ఏడు లేదు. దారం అందగానే ఆమె ముందు దాన్ని పూర్తిగా వదులు చేసేది. తెగిపోయిందేమోనని ఇక్కడ ఈయన లబలబలాడేవాడు. అప్పుడు తాపీగా మూడుమార్లు లాగేది. "మీ అమ్మకు నన్ను ఏడిపించనిదే పండుగ కాదే!" అని ఆయన విసుక్కుంటే కూతురు గుండాంబ పొట్ట పట్టుకుని నవ్వేది.

ఆ యేడు పండుగ లేదు. మహారాజు యుద్ధంలో కూలిపోయాడు. పడమటి రాజు సేనలు దుర్గాన్ని చుట్టుముట్టి కూర్చున్నాయి; గాదెలు ఊడ్చినా గుప్పెడు గింజలు రాలడం లేదు. వంశానికి మిగిలింది రాణి సూరాంబాదేవి ఒడిలోని పసివాడొక్కడే. శత్రువుకు కావలసిందీ వాడే. తల్లీబిడ్డలను తాటిమీద లోయ దాటించాలని రాణి, కాటయ, గుండాంబ, మంత్రి నామయ ప్రెగ్గడ కలిసి నిశ్చయించారు. మైలసాని ముందుగా, ఒంటి మనిషి మాత్రమే చాటుగా పాకి పోగల కొండదారిన పుట్టింటివారి గూడేనికి పోయి, తాడూ గుర్రాలూ తెచ్చి, మంచు కమ్మిన మొదటి ఉదయాన గొడుగుబండ మీద సిద్ధంగా ఉండాలి.

ఆ ఉదయం రానే వచ్చింది. ఎదుటి గట్టు కనబడకపోయినా ఇన్నేళ్ల అలవాటున్న చేతులు తప్పలేదు. కాటయ వేసిన బాణం పొగమంచులోకి దూసుకుపోయింది. దారం బిగిసింది. వెంటనే వరుసగా మూడు లాగులు అందాయి.

"అమ్మవారు కరుణించింది! మహాదేవీ, బిడ్డతో సిద్ధం కండి. మంచు విడితే సర్వనాశనం!" అని నామయ ప్రెగ్గడ తొందరపెట్టాడు.

కాటయ కదలలేదు.

"మహాదేవీ, ఆ చేయి నా ఇల్లాలిదే. కాని ఏనాడూ వదులు చేయకుండా లాగినది కాదు. మెడమీద కత్తి ఉంటే తప్ప ఆమె ఆట మరువదు. రావద్దని చెబుతోంది."

"ఎంత మాట, నాయకా!" అన్నాడు మంత్రి. "ఆమెకు వెంట్రుకవాసి హాని జరగదు. ప్రమాణం చేశారు."

రాణి బిడ్డను గుండెకు హత్తుకుంది. "ఎవరు చేశారు ప్రమాణం, ప్రెగ్గడా?"

మంత్రి మోకాళ్లమీద కూలబడ్డాడు. "తల్లీ, కోటలో పిల్లలు ఆకలికి రాలిపోతున్నారు. రాజకుమారుణ్ణి సామంతుడిగా బతకనిస్తామన్నారు. నమ్మాను." నిజంగానే నమ్మాడేమో, ఆ వెర్రి నమ్మకమే ఒక ఇంటి దీపాన్ని శత్రువు చేతికి అప్పగించింది. భటులు ఆయన చేతులు విరిచి కట్టారు.

కాటయ దారాన్ని ఒక్కమారు లాగాడు. ఆగమని. ఆవలినుంచి బదులుగా ఒక్క లాగు వచ్చింది. ఆమెకు అర్థమైంది.

"మహాదేవీ, వారి బలమంతా ఇప్పుడు గొడుగుబండ మీద కాచుకుని ఉంటుంది. ఉత్తరపు దిడ్డివాకిలి దగ్గర కావలి పలచబడి ఉంటుంది. కోటలో ఉన్నవారందరినీ వెంటబెట్టుకుని కదలండి. గుండా, ముందు నువ్వు నడువు తల్లీ. నీ బాణం తప్పదు."

"మరి అమ్మ, నాయనా?"

"ఈ దారం నా చేతిలో ఉన్నంతసేపూ మీ అమ్మతో వాళ్లకు పనుంది. అంతవరకు చంపరు."

ఆ తరువాత సంగతి గుండాంబ అడగలేదు. తండ్రి చేతిని దారంతో సహా కళ్లకద్దుకుని, వెనుదిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

కోట ఖాళీ అయింది. బురుజుమీద ఒక్కడే మిగిలిన కాటయ ఉండుండి ఒక్కమారు లాగుతున్నాడు. ఉండుండి ఆవలినుంచి బదులు వస్తోంది. మంచు ఇంకాసేపు ఉండాలని ఆయన మొక్కని దేవుడు లేడు. ఆమె చలికి వణుకుతోందేమో, తిట్టుకుంటోందేమో, ఒక్క మాట వినబడితే చాలుననిపించింది. ఏరు హోరు తప్ప ఏమీ వినబడలేదు.

చివరికి ఉత్తరపు కొండల వెనుకనుంచి ఒక నిప్పుబాణం మంచును చీల్చుకుని పైకి లేచింది. అది గుండాంబ గురుతు. అందరూ గట్టెక్కారు. కాటయ కన్నీళ్లతో దారాన్ని పూర్తిగా వదులు చేసి, తాపీగా మూడుమార్లు లాగాడు. భార్య ఆటను భార్యమీదే ఆడడం అదే మొదటిసారి.

ఆవలి చేతిలో దారం వదులైంది.

మంచు పలచబడింది. గొడుగుబండ మీద కత్తులు దూసిన సైనికులు కనబడ్డారు. వారి కాళ్ల దగ్గర మైలసాని ఆకుపచ్చ చీర కదలకుండా పడి ఉంది.

మధ్యాహ్నానికి శత్రువులు తలుపులు పగలగొట్టి లోపలికి వచ్చేసరికి, ఆ పెద్ద దుర్గంలో వారికి దొరికింది బురుజుకు ఆనుకుని కూర్చున్న మనిషి ఒక్కడే. ఆయన వేళ్లకు దారం చుట్టుకుని ఉంది.

"ఆవల ఎవరూ లేరయ్యా, దారం వదిలి లే!" అని గద్దించాడు వారి దళపతి.

కాటయ తల తిప్పలేదు.

"ఉండు నాయనా. ముందు ఇలాగే వదులు చేస్తుంది. ఏటా ఇంతే. ఇప్పుడు లాగుతుంది."