మందుకు చావని క్రిమి

"ఈసారి బాంబు కాదు సలీమ్, బ్యాక్టీరియా," అన్నాడు చీఫ్. "ఎల్లారెడ్డిలో హెల్త్ క్యాంపు పెట్టిన బ్రూనర్ అనే విదేశీయుడు, తండాల్లో బలం గోలీలంటూ యాంటీబయాటిక్స్ పంచుతున్నాడు. చాలీచాలని డోసు."

"దాంతో ఏమవుతుంది సార్?"

"పేగుల్లో మందుకు లొంగే క్రిములు చస్తాయి. తట్టుకున్నవి పెరుగుతాయి, ఆ విద్యను పక్క క్రిములకూ అంటిస్తాయి. అలా తయారైన రక్తవిరేచనాల క్రిమిని వాడు ఆయుధంగా అమ్ముతాడు. క్యాంపు డాక్టర్ సాలెహా మన మనిషే. వెళ్ళు."

అది 1986. గాజులమ్మేవాడి వేషంలో సలీమ్ గాంధారి దగ్గరి తండాకు చేరాడు. పెట్టె అడుగున వైర్‌లెస్ సెట్, పిస్టల్. ఒక గుడిసెలో ధన్‌సింగ్ మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు.

"గోలీలు తిన్నంకనే గిట్లయింది అన్నా," అంది భార్య మేఘి, అతని నోట్లో ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు పోస్తూ. "దవాఖాన్ల సూదులేసిండ్రు. ఏ మందూ పనిచేస్తలేదు."

సలీమ్ పళ్ళు కొరికాడు. ఊరి బయటికొచ్చి వైర్‌లెస్ అందుకున్నాడు. "సార్, క్యాంపు మీద దాడి చెయ్యనివ్వండి!"

"ఆధారమేది? విరేచనాలకు కమాండోలను పంపితే పైవాళ్ళు నవ్వుతారయ్యా!"

సెట్‌ను నేలకేసి కొట్టబోయి ఆగాడు.

క్యాంపులో సాలెహా నల్లకళ్ళద్దాలతో, సెంటు గుబాళింపుతో ఎదురైంది.

"పచ్చగాజులున్నాయి మేడమ్."

"పగిలినవైతే తీసుకుంట."

కోడ్ కలిసింది. ఆమె గొంతు తగ్గించింది. "రేపు పొద్దున బ్రూనర్ కామారెడ్డి నీళ్ళ ట్యాంకులో క్రిములు పెంచిన కల్చర్ కలుపుతడు. ఊరంతా పడకేస్తే సరుకు పనిచేసినట్టే."

మర్నాడు సలీమ్ ఫిట్టర్ ఖాకీ బట్టల్లో ట్యాంకు ఎక్కాడు. బ్రూనర్ అప్పటికే ఫ్లాస్కు పట్టుకుని వంగి ఉన్నాడు. సలీమ్ పిస్టల్ తీశాడు.

"తుపాకీ పడెయ్ సలీమ్." వెనక సాలెహా. చల్లని గొట్టం అతని మెడకు తగిలింది.

"నిన్ను నమ్మాను చూడు!" అంటూ పిస్టల్ వదిలేశాడు. బ్రూనర్ నవ్వి, ఫ్లాస్కు మూత మీద చెయ్యేశాడు.

ఢాం!

బ్రూనర్ భుజం పట్టుకుని కూలాడు. జారిన ఫ్లాస్కును సలీమ్ బోర్లా దూకి, నీళ్ళకు జానెడు ఎత్తులో ఒడిసిపట్టాడు.

"నువ్వు దొరికినవని నమ్మితేనే వాడు మూత ముడతడు," అంది సాలెహా, పిస్టల్ ఊదుకుంటూ. "మన చీఫ్‌కు ఆధారం కావాలె కద!"

ఆ కల్చర్‌ను పరీక్షించిన ల్యాబ్, ఆ క్రిమి లొంగే ఒకే ఒక్క మందును కనిపెట్టింది. వారం తిరిగేసరికి ధన్‌సింగ్ లేచి కూర్చుని గంజి తాగాడు.

తలనొప్పి గోలీ కోసం సలీమ్ కామారెడ్డిలో మెడికల్ షాపుకెళ్ళాడు. ముందున్నాయన తుమ్మాడు. షాపతను రెండు యాంటీబయాటిక్ క్యాప్సూల్స్ కత్తిరించి చేతిలో పెట్టాడు.

"జలుబుకు ఇవెందుకు?" అన్నాడు సలీమ్.

"నువ్వేమన్న డాక్టరువా? రోజూ వందమందికి ఇస్తున్న!"

పాపం బ్రూనర్ అంత ఖర్చు పెట్టి క్యాంపెందుకు పెట్టాడోనని సలీమ్‌కు మొదటిసారి జాలేసింది.